ఇరవై అడుగుల వెనుక

మా ఎదురింటి సుబేదారు గారు పోయారని మంగళవారం ఉదయం పాలు పోసే మనిషి చెప్పాడు. గిన్నె అరుగు మీద పెట్టి రోడ్డు దాటాను. అప్పటికే ఆయనను చాప మీద పడుకోబెట్టారు. నేను ఏడవలేదు. ఆయనకు చెప్పవలసిన మాట ఒకటి నా దగ్గర మిగిలిపోయింది. అది నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

సైన్యంలో పదవీ విరమణ చేశాక, టాటానగర్ రైల్వేలో పనిచేసే తమ్ముడికి దగ్గరగా ఉండాలని ఆయన మా పేట సీతారాండేరాకు వచ్చారు. ఎన్ని దేశాలు తిరిగినా శ్రీకాకుళం యాస వదలలేదు. రోజూ బూట్లకు పాలిష్ పెట్టేవారు. అవి తొడుక్కుని వెళ్ళేది మాత్రం కూరగాయల బజారుకే. నేను కళాశాలలో రాజనీతిశాస్త్రం బోధించినదాన్నని సాయంత్రాలు నా గేటు దగ్గర వాదనకు దిగేవారు.

తొంభైలలో ఆయన శాంతి దళంతో ఒక ఆఫ్రికా దేశానికి వెళ్ళారు. అక్కడి సంతలో గస్తీకి స్థానిక పోలీసు ముందు నడవాలి; మన సిపాయిలు ఇరవై అడుగుల వెనుక ఉండాలి. పోలీసు పిలిస్తే తప్ప కదలరాదు.

"మనం ముందుకెల్తే ఆ పూటకి పనైపోద్ది, మేడమ్ గారూ. మనం విమానం ఎక్కీసాక ఆడి మాట ఎవుడింటాడు?"

ఒకనాడు సంతలో రాళ్ళు లేచాయి. ముందున్న పోలీసు పిలవలేదు. ఈయన తన వాళ్ళను ఆపి ఉంచారు. ఒక రాయి ఆ పోలీసు కన్ను తీసింది.

"సదువుకున్నోరు, మీరు సెప్పండి. తప్పేటి నాది?"

"తప్పే. నియమం కంటే కన్ను గొప్పది," అన్నాను, జవాబు పత్రం దిద్దినంత తేలికగా. ఆయన బూట్ల వంక చూసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

మరుసటి ఏడాది ఎవరో నా గేటుకు అడ్డంగా బడ్డీ కొట్టు పెట్టారు. ఫిర్యాదు చేస్తే ఠాణా నుంచి ఒకే ఒక్క కానిస్టేబులు వచ్చాడు. చూస్తుండగానే కొట్టు తాలూకు పదిమంది అతన్ని చుట్టుముట్టారు. సుబేదారు గారు వచ్చి, ఎదురుగా దీపస్తంభం పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

"అక్కడ నిలబడతారేమిటి? ముందుకు రండి!" అని అరిచాను.

"పిలవాల్సింది మీరు కాదండి. ఆయనే."

కానిస్టేబులు ఒక్కసారి వెనక్కి చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "గుమ్టీ హటావ్. అభీ." ఇప్పుడే తీసెయ్యాలన్న ఆ ఆజ్ఞకు కొట్టు కదిలింది. తర్వాత సుబేదారు గారు ఊళ్ళో లేని వారం వాళ్ళు మళ్ళీ పెట్టబోయారు. అదే కానిస్టేబులు సైకిలు ఆపగానే మారుమాట లేకుండా సర్దుకుపోయారు.

ఊరినుంచి వచ్చాక ఆయన నవ్వారు. "ఏటి మేడమ్ గారూ, మార్కులేటైనా కలిపేరా?"

"కొట్టు వేరు, కన్ను వేరు," అన్నాను.

అది వాదన కాదు, నా అహం. ఆ సంతలో ఆయన స్థానంలో ఉంటే నేనేం చేసేదాన్నో నాకు తెలియదని చెప్పవలసింది. ఇప్పటికీ తెలియదు. ఆ ఒక్క మాటకు నాలుగేళ్ళు గేటు దగ్గరే సమయం ఉంది, నేను వాడుకోలేదు.

నిన్న సాయంత్రం వీధి మలుపులో ఆటోవాళ్ళ తగాదా చెయ్యి చేసుకునేదాకా వెళ్ళింది. అదే కానిస్టేబులు, ఇప్పుడు కాస్త పొట్ట వచ్చింది, సైకిలు దిగి గుంపువైపు నడుస్తూ అలవాటుగా దీపస్తంభం వైపు తల తిప్పాడు. అక్కడ ఎవరూ లేరు. అతని నడక నెమ్మదించింది.

నేను గేటు గడియ తీశాను. రోడ్డు దాటి, స్తంభం పక్కన, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.