గొర్రె నెత్తురు కాదిది

1949, మృగశిర కార్తె రెండో రోజు, గురువారం, పొద్దున ఎనిమిది గంటలు. గంట నాకు తెలిసి రాయడం లేదు. సూర్యాపేట నుంచి వచ్చిన పశువుల డాక్టరు తన చేతి గడియారం చూసి పైకి చదివాడు.

తిరుమలగిరి దారిలో మా గొర్రెల దొడ్డి. ఆ తెల్లవారి ఒక గొర్రె ముక్కున నెత్తురు కారి చచ్చింది. చచ్చినదాన్ని కోసి వండుకోవడం, తోలు పేటలో అమ్ముకోవడం మాకు మామూలే. మా ఆయన కత్తి నూరుతుంటే, దారిన పోతున్న డాక్టరు బండి దిగి అడ్డం పడ్డాడు.

"కోయకండి. ఇది దొమ్మ రోగం. కోసినోళ్లకీ అంటుకుంటుంది, ప్రాణం పోద్ది. పాతిపెట్టండి."

ఆయనది కోదాడ మాట. మా అత్త ఆయనకు వినబడేటట్టే అంది: "పాతిపెడ్తే రేపొచ్చి తవ్వుకపోతడు. తోలు కోసమే గీ ఏషాలు."

నాకూ అదే అనుమానం. ఆ రోజుల్లో పెట్టె పట్టుకొచ్చిన మనిషిని ఎవరు నమ్మారు?

పెట్టెలోంచి ఇత్తడి గొట్టమొకటి తీశాడు. దాన్ని సూక్ష్మదర్శిని అంటారని తర్వాత తెలిసింది. చచ్చినదాని చెవి నుంచి గాజుపలక మీద చుక్క తీసుకున్నాడు.

"పోల్చి చూడ్డానికి బాగున్న గొర్రెది కూడా కావాలి. నన్ను చూసి బెదురుతున్నాయి. నువ్వు తీసుకురామ్మా," అని నాకు సూది, ఇంకో పలక ఇచ్చాడు.

నేను దొడ్డి చాటుకు పోయి నా వేలే పొడుచుకున్నాను. దీన్ని గొర్రెదే అన్నాడంటే దొంగ దొరికినట్టే.

నీలం మందు వేసి, కన్ను ఆనించి చాలాసేపు చూశాడు. "ఇది గొర్రె నెత్తురు కాదే. గొర్రె ఎర్ర కణాలు ఇంకా చిన్నవి. ఇది మనిషిది."

"సాటుంగ సూసినవా సారూ?"

"నువ్వే చూసుకో."

గుండ్రటి బిళ్లలు. అక్కడక్కడా పెద్దవి, కడుపులో నీలం ముద్దతో. అవి తెల్ల కణాలట. పలక జరిపితే అన్నీ జరిగాయి. లోపల అతికించిన బొమ్మలు కావు. తర్వాత చచ్చినదాని చుక్క చూపించాడు. బిళ్లలు చిన్నవి, వాటి మధ్య కొసకు కొస ఆనుకున్న పుల్లలు.

"ఆ పుల్లలే రోగం. ఒక్కోటి ఒక్కో కణం. నడుమ గోడ కట్టుకుని ఒకటి రెండవుద్ది, రెండు నాలుగు. అట్లా ఒళ్లంతా నిండుతాయి."

నా చుక్కలో ఒక్క పుల్లా లేదు. పోయి మా ఆయన చేతిలో కత్తి లాక్కున్నాను.

"ఏందే, నీగ్గూడ మందు వెట్టిండా?"

"తోలు పోతే పోనీ. నువ్వు పోతే నేనేం జెయ్యాలె?"

నిలువెత్తు గొయ్యి తీసి, సున్నం పోసి పూడ్చాం. నలభై దాటాక అక్షరాలు నేర్చుకుని, బడిపుస్తకంలో కణ విభజన పాఠం కూడబలుక్కుంటుంటే ఆ పుల్లలే కళ్ల ముందు ఆడాయి. రోగం సంగతి ఆ రోజే నమ్మాను. తోలు విషయంలో మాత్రం డాక్టరును నమ్మలేదు. ఆయన బండి కనుమరుగయ్యేదాకా గొయ్యి దగ్గర నుంచి లేవలేదు.

అక్కడున్నది నలుగురమే: గొణుగుతున్న మా అత్త, పార పట్టుకున్న మా ఆయన, బండెక్కిన డాక్టరు, గొయ్యికి కాపలా కూర్చున్న నేను.