అత్తగారు తొక్కిన దారి

మొన్న మంచు కురిసిన ఉదయం, కెనడాలో, మిస్సిసాగాలో మా ఇంటి దగ్గరి క్లినిక్‌కి దుబాసీ పనికి వెళ్లేసరికి, ఒక అఫ్గాన్ అత్తగారు నెలలు నిండిన కోడల్ని పక్కన నిలబెట్టి, డాక్టర్ ఎదుటి కుర్చీలో తానే దర్జాగా కూర్చుని ఉంది. డాక్టరమ్మ, పాపం చిన్నపిల్ల, మొహం చిట్లించింది. నాకు మాత్రం నవ్వాగలేదు. రిటైరైన నర్సును, ఇలాంటి అత్తగార్లను ఒక లోయ నిండా చూసినదాన్ని.

మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, నర్సింగ్ చదివిన ఆడపిల్లలంతా గల్ఫ్ వైపు చూస్తున్న రోజులవి. నేను ఒక సేవాసంస్థలో చేరి అఫ్గానిస్తాన్ వెళ్తానంటే నెల్లూరులో మా అమ్మ అన్నం మానేసి కూర్చుంది. అక్కడ నా పైఅధికారిణి ఒక కెనడా నర్సు. రెజైనా దగ్గర గోధుమ పొలాల మధ్య పుట్టి, పెళ్లి మాటెత్తితే నవ్వేసి, వయసంతా ఆ కొండల్లోనే గడిపిన మనిషి. అక్కా అని పిలిచేదాన్ని. ఆ మాటకు అర్థం చెప్పాక ఇంకెలా పిలిచినా పలికేది కాదు.

చలికాలం వస్తే ఆ లోయకు దారి మూసుకుపోయేది, కాన్పు కష్టమైతే తల్లీబిడ్డా దక్కేవారు కాదు. ఊరి కోడళ్లకే పురుళ్లు పోయడం పద్ధతిగా నేర్పించాలని అక్క పట్టుదల. శిక్షణేమో పట్నంలో. సంస్థ వాళ్లు వెళ్లి ఊరి పెద్దలతో టీలు తాగి వచ్చేవారు, పెద్దలు తలలూపేవారు, ఒక్క కోడలూ గడప దాటేది కాదు. అక్క పెద్దల జోలికి పోకుండా నేరుగా ఒక వంటింట్లోకి నడిచింది. ఆ ఇంటి అత్తగారి నోరంటే ఊరంతటికీ హడల్. పెద్దకోడలు కాన్పులోనే పోయింది. చిన్నకోడలికి చదవడం, రాయడం వచ్చు. ఆమెను పంపమని అడుగుతుందనుకుంటే, అక్క, "మీరు రండమ్మా, అమ్మాయిని వెంట తెచ్చుకోండి" అంది. నేను నోరెళ్లబెట్టాను. అత్తగారు చాలాసేపు రొట్టెల పిండి పిసుకుతూనే ఉండి, "నేను లేకుండా అదెక్కడికీ రాదులే" అంది. అదే ఒప్పుకోలు.

అలా అత్తాకోడళ్లు పట్నం వచ్చారు, వాళ్లను చూసి మరికొన్ని జంటలూ వచ్చాయి. వెనక వరసలో అత్తగార్లు ఊలు అల్లుకుంటూ, మనవల్ని జోకొడుతూ, పాఠం మీద వ్యాఖ్యానాలు చేస్తుంటే నాకు చిర్రెత్తుకొచ్చేది. అక్క మాత్రం పాఠం ఆపి, మీ రోజుల్లో ఎలా చేసేవారని వాళ్లనే అడిగేది. కాన్పయ్యాక రక్తం ఆగకపోతే ఏం చేయాలో చెప్పిన రోజున, మా నోరున్న అత్తగారు అల్లిక ఒళ్లో పెట్టుకుని తల దించుకుంది. మర్నాటి నుంచి కోడలు పాఠం అప్పజెబితే తప్ప అన్నం పెట్టలేదు.

శిక్షణ ముగించుకుని లోయకు తిరిగొచ్చిన ఆ చలికాలమే పైఊళ్లో ఒకామెకు నొప్పులని కబురొచ్చింది. దారంతా మోకాళ్లు దిగబడే మంచు. మగవాళ్లు వద్దన్నారు. అత్తగారు కొడుకు బూట్లు తొడుక్కుని, మందులపెట్టె నెత్తిన పెట్టుకుని, ముందు నడుస్తూ మంచు తొక్కి దారి చేసింది. ఆ అడుగుల్లో అడుగులేస్తూ కోడలు, వెనక అక్కా నేనూ. అక్కడ బిడ్డ పుట్టింది గానీ తల్లికి రక్తం ఆగలేదు. నేను ముందుకు దూకబోతే అక్క నా చెయ్యి పట్టుకుంది; ఊరు నమ్మాల్సింది మమ్మల్ని కాదు. కోడలు నేర్చుకున్నట్టే పొత్తికడుపు నొక్కిపట్టి మర్దనా చేస్తూ, మందిస్తూ, చివరికి ఆపింది. అప్పటిదాకా "ఒసే" అన్న పిలుపు తప్ప మరోటెరగని అత్తగారు గుమ్మంలోని మగవాళ్లను, "తప్పుకోండి, మా డాక్టరమ్మ వస్తోంది!" అని కేకేసింది. అక్క గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. అంత ఓపిక, అంత నమ్మకం నేను మరే మనిషిలోనూ చూడలేదు.

అక్క వయసు మళ్లాక తిరిగొచ్చి, రెజైనాలోనే కన్నుమూసింది. అఫ్గానిస్తాన్‌లోనేమో ఇప్పటి పాలకులు ఆడపిల్లలకు పురుళ్లు పోసే ఆ చదువే మూసేశారు. ఆ కోడలు ఇంకా పురుళ్లు పోస్తోందని ఆమధ్య వరకూ కబుర్లొచ్చేవి. ఆమెకూ వయసు మీద పడుతోంది.

మొన్న క్లినిక్‌లో జాగ్రత్తలన్నీ ముందు అత్తగారికే చెప్పాను. ఆవిడ బుద్ధిగా విని, లేచి, కోడల్ని కుర్చీలో కూర్చోబెట్టింది. మా భాష ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, మీ అత్తగార్ల దగ్గరే అన్నాను. ఇంటికొస్తుంటే యంత్రం అప్పటికే వీధిలో మంచు తోసి దారి చేసి పెట్టింది. ఆ లోయలోనూ మంచు పడే ఉంటుంది. దారి తొక్కే అత్తగార్లూ ఉండే ఉంటారు. వాళ్ల వెనక నడవాల్సిన కోడలికే చదువు చెప్పేవాళ్లు లేరు.