రత్నం గేటు దగ్గరి డ్రమ్ములు

తొమ్మిదేళ్లుగా ఒక మాట గొంతులో అడ్డంపడి ఉంది. మింగలేను, కక్కలేను. మా ఆయనకి కూడా చెప్పలేదు. నేనెవరో మీకు తెలీదు కాబట్టి మీకు చెబుతున్నాను. ధైర్యం వచ్చి కాదు. మోసి మోసి అలసిపోయాను, అంతే.

మాది షాదీపూర్, సముద్రం మధ్య దీవిలో ఉంటాం. ఎండాకాలం వస్తే మా వీధికి మూడు రోజులకోసారి, అదీ ఓ అరగంట, కుళాయి నీళ్లొస్తాయి. అందుకే ప్రతి గేటు దగ్గరా నీలం డ్రమ్ములుంటాయి. అవి నిండుగా ఉంటే ఇంట్లో మనుషులున్నట్టు. లేకపోతే ఇంటివాళ్లు షిప్పెక్కి మెయిన్‌లాండ్ వెళ్లారని దారినపోయే ఎవరికైనా తెలిసిపోతుంది.

ఆ ఏడు పక్కింటి రత్నం కుటుంబంతో వైజాగ్ వెళ్లింది. ఆమెకి దొంగల భయం జాస్తి. వెళ్లే ముందు వెల్డర్ అప్పన్నని పిలిపించి కిటికీలన్నిటికీ గ్రిల్లు పెట్టించింది. తాళంచెవి నా చేతికిచ్చి, నీళ్లొచ్చిన రోజల్లా తన రెండు డ్రమ్ములూ నింపమంది. ఇంతకన్నా తేలికైన పని ఉంటుందా?

రెండు వారాలు నింపాను. తర్వాత నీళ్లు మరీ తగ్గిపోయాయి. మా అత్తగారు మంచాన పడి ఉన్నారు, రోజూ పక్కబట్టలు ఉతకాలి. ఎవరూ వాడని నీళ్లు అక్కడ ఊరికే నిలవుండటమేమిటని ఒళ్లు మండింది. రత్నం డ్రమ్ములు రెండూ దొర్లించుకొచ్చి నా పెరట్లో పెట్టుకున్నాను. అవసరమే, కాదనను. కానీ ఎదురింటివాళ్లని అడిగితే రెండు బిందెలు పొయ్యరా? పోస్తారు. అడగడానికి నాకు నామోషీ. వీధిలో అందరూ ఎవరి నీళ్ల గొడవలో వాళ్లున్నారు, రత్నం గేటు బోసిగా ఉందని ఎవరూ చూడలేదు. చూసినవాడు దొంగ ఒక్కడే.

పదిరోజులు పోయాక ఒక ఉదయం వాళ్ల పెరటివైపు వెళ్తే వెనక తలుపు గడియ విరిగి ఉంది. అప్పన్న పెట్టిన గ్రిల్లులు మాత్రం చెక్కుచెదరలేదు. లోపల బీరువా బార్లా తెరిచి ఉంది. రత్నానికి వాళ్లమ్మ పెట్టిన బంగారమంతా పోయింది.

నేను అరవలేదు. ముందు ఆ డ్రమ్ములు దొర్లించుకెళ్లి ఆమె గేటు దగ్గర పెట్టాను. మగవాళ్లు డ్యూటీలకెళ్లిన వేళ, వీధిలో ఎవరూ లేరు. నా ఇంటి నీళ్లు బిందెలతో మోసి రెండూ నింపాను. మూతలు పెట్టాను. కొంగుతో చేతులు తుడుచుకుని, అప్పుడు కేకలేశాను.

రత్నం మర్నాడే విమానంలో వచ్చింది. పోలీసుల ముందే అడిగింది.

"డ్రమ్ములు నింపేవా వొదినా?"

"నింపేను. పానీ వొచ్చిన ప్రతీ రోజూ నింపేను."

"మరైతే ఇల్లు ఖాళీ అని బయటోడికెలా తెలుస్తాది? మేం జహాజ్ ఎక్కి వైజాగ్ ఎల్తన్నామని ఆ గ్రిల్లోడికి తెలుసు. పక్కా ఆడే!"

నేను తలూపాను. ఎందుకూపానని ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. రత్నం నన్ను తిడుతుందనా? తిడితే ఏమయ్యేది, ఓ నెల మాటలుండేవి కావు, తర్వాత కలిసిపోయేవాళ్లం.

అప్పన్నని రెండు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టి, ఏమీ దొరక్క వదిలేశారు. అసలు దొంగ ఎవరో ఈనాటికీ తెలీదు. కానీ ఇళ్లకి గ్రిల్లులు పెట్టేవాడి మీద దొంగతనం మచ్చ పడ్డాక పని ఎవరిస్తారు? ఆరునెలల్లో షాపు ఎత్తేసి, పెళ్లాంబిడ్డలతో వేరే దీవిలోని రంగత్‌కి వెళ్లిపోయాడు. వెళ్లేరోజు మా గేటు దగ్గర ఆగి నమస్కారం పెట్టాడు. పోలీసుల ముందు తనని ఒక్క మాటా అనని మనిషినని.

రత్నం ఇప్పటికీ ఊరెళ్తే తాళంచెవి నా చేతిలోనే పెడుతుంది. ఆమె చదువంతా హిందీలోనే, తెలుగు అక్షరం రాదు. మా వీధిలో ఇది చదవగలిగినవాళ్లు దాదాపు లేరు. తెలుగులో రాయడానికి అదీ ఒక కారణం. చూశారా, ఒప్పుకునేటప్పుడు కూడా దాక్కునే చోటు చూసుకున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరిచ్చేది కాదు, రంగత్‌లో ఉన్నవాడు ఇవ్వాలి.

అప్పన్నకి తెలుగు చదవడం వచ్చు. షాపు బోర్డు తనే రాసుకున్నాడు. ఎప్పుడైనా ఇది అతని కంటపడుతుందేమో. పడాలనుందో, పడకూడదనుందో నాకే తెలీదు. అయినా రాసేస్తున్నాను.

ఆ రోజు డ్రమ్ములు నా పెరట్లో ఉన్నాయి.