ఉప్పు వెయ్యని అంబలి

మా ఇంటిపేరు అంబలి. మదనపల్లె బడిలో హాజరు పిలిచినప్పుడల్లా "సంగటి యాడరా?" అని వెనక బెంచీ పిల్లలు ఇకిలించేవాళ్లు. ఇన్ని పేర్లుండగా మా పెద్దలకు ఇదే ఎట్లా దొరికిందో తెలుసుకోవాలని నాకు ఒకటే దురద.

తొంభైల్లో ఆ దురద అక్క పెళ్లికి ముడిపడింది. టీచర్ ట్రైనింగ్‌లో తనతో చదివిన కుప్పం అబ్బాయిని అక్క ఇష్టపడింది. కులం ఒకటే. కానీ అతని ఇంటిపేరూ అంబలే! ఇంటిపేరు కలిస్తే అన్నాచెల్లెళ్ల వరస, పెళ్లి కుదరదు. "పేరొకటైనా వంశాలు వేరేమో, కనుక్కోని రాప్పా" అని నాన్న నన్ను పంపాడు. అక్క బస్టాండు దాకా వచ్చింది.

ముందు పుంగనూరులో దిగాను. అడగడమే ఆలస్యం, మా చిన్నతాత మొదలుపెట్టాడు. పూర్వం సంతకు నడిచిపోయేవాళ్లకు మావాళ్లు ఎండాకాలమంతా రాగి అంబలి పోసేవాళ్లట. ఆ పేరే నిలిచిపోయింది. మా ఇంట్లో ఇప్పటికీ అంబలిలో ఉప్పు వెయ్యరు, గిన్నెలో పక్కన పెడతారు; ఊళ్లో ఇంకెవరూ అట్లా చెయ్యరని అక్కకూ నాకూ తెలుసు. అదెందుకని అడిగాను.

"ఉప్పేసి పోస్తే, రేపు 'మా ఉప్పు తిన్యావు' అనాలనిపిస్తాదిరా. అందుకే ఎవురిక్కావాల్సింది వాళ్లే ఏసుకుంటారు. ఇది మనోళ్లు తప్ప ఎవురూ సెయ్యరు."

ఆ పేరంటే నాకు మొదటిసారి గర్వంగా అనిపించింది. కరువులో మావాళ్లు కొందరు దక్షిణానికి పోయారని కూడా అన్నాడు. యాడికో ఆయనకూ తెలీదు.

కుప్పంలో ఆ అబ్బాయి ఇల్లు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. నేనెవరో చెప్పబోతే వాళ్ల అవ్వ వినలేదు. "ముందు తాగు నాయనా, పేరు తర్వాత సెబుదువులే" అని చెంబు నిండా అంబలి ఇచ్చింది. ఒక గుక్క తాగాను. చప్పగా ఉంది. అవ్వ ఉప్పు గిన్నె తెచ్చి నా పక్కన పెట్టింది.

మావాళ్లు దొరికారని ప్రాణం లేచొచ్చింది. వెంటనే అక్క గుర్తొచ్చి చెంబు కింద పెట్టేశాను.

విషయం విని అవ్వ నా గడ్డం పట్టుకుని "మా ఇంటి బిడ్డవేనా!" అని మురిసిపోయింది. ఆ అబ్బాయి మాత్రం గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

తిరుగు బస్సులో ఒక అబద్ధం కూడగట్టుకున్నాను, ఉప్పు వేసే పోశారని చెబుదామని. మదనపల్లెలో దిగితే అక్క బస్టాండులోనే ఉంది. నా మొహం చూసి, "ఉప్పు పక్కన పెట్టినారా?" అంది.

తలూపాను.

"పోన్లే, నీ ఇంటిపేరు కత నీకు దొరికిందిలే" అని ముందు నడిచింది.