స్వరూప కథ బాగాలేదన్నాను

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒక మంచి కథని బాగాలేదన్నాను. తెలిసే అన్నాను. మీరెవరో నాకు తెలీదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

ఉప్పల్‌లో మాది కిరాణా కొట్టు. నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి పెట్టాడు. జనం పల్చబడ్డ మధ్యాహ్నాలు నేను కౌంటర్ దగ్గర కూర్చుని కథలు రాసేవాణ్ని. నాచారం ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ల మీద కథలు. కానీ అందులో ఎవరు నోరు తెరిచినా మా గుంటూరు చుట్టాల్లాగే మాట్లాడేవాళ్లు.

దాన్ని సరిచేసింది స్వరూప. జనగామ వైపు మనిషి. నాచారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ చేసేది, సరుకులకి మా కొట్టుకే వచ్చేది. ఒకసారి నా కాగితాలు చదివి పడీ పడీ నవ్వింది. అప్పట్నుంచి వారం వారం నా సంభాషణలు దిద్దిపెట్టేది. పేరు మాత్రం నాకొచ్చింది. ఈ నేల భాషని పట్టుకున్న రచయితనని సభల్లో పొగిడితే వినయంగా తల వంచుకునేవాణ్ని. ఆ నటన బాగానే వచ్చు లెండి.

ఒకరోజు తనే రాసిన కథ తెచ్చింది. షిఫ్టు దిగాక గేటు దగ్గర తనిఖీ కోసం ఆడవాళ్లు నిలబడే వరస మీద. నాలుగు పేజీలు. పెద్ద మాట ఒక్కటి లేదు. నేను జన్మంతా రాసినా నాకు రాని కథ అది.

మా నాన్న మిరపకాయలు కొనేటప్పుడు, అవి ఎంత ఎర్రగా ఉన్నా సరే, గుప్పెడు తీసుకుని మొహం చిట్లించేవాడు. తన సరుకు మీద ఎదుటివాడికే అనుమానం పుట్టాలి. నేనూ ఆ మొహమే పెట్టాను.

“ఎట్లున్నదన్నా?”

“ఏముంది స్వరూపా ఇందులో? రోజూ జరిగేదేగా.”

“రోజు జరుగుతదనే గద రాసిన.”

“అలా రాస్తే కథ అవదమ్మా.”

“ఏమో మరి. రాసెటోనివి, నీకెరుక.” నవ్వేసింది. “పత్రికకు పంపుదామని కవర్ గూడ కొన్న. ముందుగాల నీకు సూపెట్టుడే మంచిగైంది, ఇజ్జత్ దక్కింది.”

ఆ కథని పక్కన పెట్టి, నా కథలో రెండు పేజీలు దిద్దిపెట్టి వెళ్లింది. నేను దిద్దించుకున్నాను!

ఎందుకన్నాను? ఆమె రాయడం మొదలుపెడితే నా మాటలు ఎవరు దిద్దుతారనా? ఆమె పక్కన నన్నెవరు చదువుతారనా? రెండూ. దొంగ నాకంటే నయం. సరుకు మంచిదని ఒప్పుకున్నాకే ఎత్తుకుపోతాడు.

పోయినేడు మేడిపల్లిలో కనిపించింది. మళ్లీ ఏమైనా రాశావా అన్నాను. అడగడానికి మొహం ఎలా వచ్చిందో! “ఎక్కడిదన్నా, నువ్వప్పుడే చెప్పి మంచి జేసినవ్” అంది. ఆ పేజీలు వానకి తడిసి పాడైపోయాయట. అంటే ఆ కథ ఇప్పుడు నా బుర్రలో తప్ప ఎక్కడా లేదు. ఇంటికొచ్చే దారిలో, నేనే రాసేస్తే ఎవరికి తెలుస్తుందని కూడా లెక్కలేశాను. చూడండి నా బతుకు.

రాయలేదు. నిజమూ చెప్పలేదు. ఆమె ఎదురుగా నిలబడి ఉంది, చెప్పలేదు.

ఆమె కథ బాగుంది. నేను చదివినవాటిలో అంత బాగున్నది మళ్లీ దొరకలేదు. ఆమెకి చెప్పాల్సింది మీకు చెప్పడం చౌక బేరమని తెలుసు. అయినా రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.