సూర్యుడికి రెండు రెక్కలు

మా నాచారం మొత్తంలో సూర్యుడి కిరీటాన్ని కళ్లారా చూసినవాణ్ని నేనొక్కణ్నే. నేను వయసులో ఉండగా వచ్చిన సంపూర్ణ గ్రహణం నాడు జనమంతా తలుపులు బిగించుకుంటే, నేను సైకిల్ తొక్కుకుంటూ ఉప్పల్ మీదుగా ఇబ్రహీంపట్నం దాటి, ఒక బండమీద నిలబడి చూశాను. నల్లటి సూర్యుడు, అటూ ఇటూ తెల్లటి రెక్కలు. పార్కులో చెప్పిన ప్రతిసారీ ఆ బండ ఇంకొంచెం దూరం జరిగేది.

మా కూతురి కూతురు మా ఇంట్లోనే ఉండి ఉద్యోగం చేస్తోంది. సూర్యుడి చుట్టూ ఉండే ఆ వెలుగునే కరోనా అంటారట. ఇప్పుడు ఉపగ్రహాలు రోజూ దాన్ని ఫొటోలు తీస్తున్నాయి. పూర్వం సూర్యుడి ముఖం ఫొటోలే ఉండేవి. ముఖం ఎలా ఉంటే కరోనా ఎలా ఉంటుందో ఇప్పటి ఫొటోలతో కంప్యూటర్‌లోని ఒక మోడల్‌కు నేర్పి, పాత రోజుల కరోనాను గీయించడం ఆమె పని.

మొన్న నా గ్రహణాన్ని గీయించింది. చుట్టూరా సమానంగా, బంతిపువ్వులా వచ్చింది.

"రెక్కలేవి తాతా?"

"మిషన్‌కేం ఎరుక బిడ్డా? నేను సూసిన."

ఆమె ముఖం వాడిపోయింది. "గా రోజు గ్రహణంల తీసిన అసలు ఫొటోలు ఇంకా మా చేతికి రాలే. రేపే మీటింగ్. నువ్వు సూసినవని మా ఆఫీసు సార్‌కు గూడ చెప్పిన. మోడల్ తప్పని ఒప్పుకొని మళ్ల మొదటికెల్లి నేర్పిస్త."

నెలల తరబడి చేసిన పని. ఇడ్లీ పళ్లెం పక్కన పెట్టాను.

"జర ఆగు. నేను ఇబ్రహీంపట్నం పోలే."

"మరి ఏడికెల్లి సూసినవ్?"

"ఉప్పల్ గూడ దాటలే. అసలు ఇల్లే దాటలే. మా అమ్మ వంటింట్ల ఏసి గొళ్లెం పెట్టింది."

మీసాలొచ్చిన మగాణ్ని, గ్రహణం విడిచేదాకా పచ్చడి జాడీల మధ్య కూర్చున్నాను. గ్రహణం మైల అంటకుండా అమ్మ వాటిమీద దర్భలు వేసింది. నల్లటి గుండ్రటి మూత, అటూ ఇటూ పొడుచుకొచ్చిన గడ్డిపోచలు. నేను చూసిన సూర్యుడు అదే.

"అంటే నా మోడల్‌ను మామిడికాయ తొక్కుతోని పోల్చి సూస్తున్ననా?"

"చింతకాయ తొక్కు" అన్నాను. ఇక అబద్ధమాడే ఓపిక లేదు.

బంతిపువ్వును మీటింగ్‌లో అట్లనే చూపిస్తానంటూ లేచింది. మళ్లీ ఆగింది. "సార్ నిన్ను తోల్కరమ్మన్నడు. ఏం జెప్పాలె?"

"సాక్షికి కరోనా వచ్చిందని చెప్పు."

"నీకది ఎన్నడో వచ్చింది తాతా. ఇంకా తగ్గలే."