చివరి పేజీ లేని కథలు

రియాద్‌లో మేముండే మలాజ్ పేటలో ఏ తెలుగు కుటుంబమైనా ఫైనల్ ఎగ్జిట్ మీద సౌదీ వదిలి ఊరికి వెళ్ళిపోతోందంటే వాషింగ్ మెషీన్ ఒకరికి, మంచాలు ఇంకొకరికి, పిల్లల పుస్తకాలు మాత్రం నాకు. ఈ ఏర్పాటు ఎవరు చేశారో తెలియదు. “పారేయబుద్ధి అయితలేదక్కా, నీ దగ్గర ఉంచు” అని అట్టపెట్టె గుమ్మంలో పెట్టి పోతారు. నేను వద్దనను. వద్దనడానికి కూడా ఓపిక ఉండాలి కదా. అలా పోగైన పెట్టెలు మా హాల్లో సోఫా వెనక గోడంతా ఆక్రమించాయి. ఇల్లు ఊడ్చిన ప్రతిసారీ వాటిని తిట్టుకుంటాను, మళ్ళీ అక్కడే సర్దుతాను.

నేను ఇక్కడ ఒక ప్రైవేటు స్కూలు లైబ్రరీలో అసిస్టెంటుని. వారమంతా ఇంగ్లీషు పుస్తకాలకు ముద్రలు కొట్టి, పిల్లలు ఎక్కడ పడితే అక్కడ దూర్చి పోయినవాటిని వెతికి పెట్టి, శుక్రవారం సాయంత్రం చుట్టుపక్కల పిల్లలకు మా హాల్లో తెలుగు చెబుతాను. మాది కడప. ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం. కానీ నేను చదివింది తెలుగు మీడియంలో. నాకు కథ అంటే తెలుగే. అందుకే మా అమ్మాయికి తిట్లు ఉర్దూలోనూ కథలు తెలుగులోనూ అందాయి.

ఆ పెట్టెల్ని అడుగు నుంచి పైదాకా తీసి చూస్తే తెలుగులో పిల్లల పుస్తకం ఎలా మారుతూ వచ్చిందో వరసగా కనబడుతుంది. అన్నిటికంటే అడుగున పాత మాసపత్రికలున్నాయి. ఎవరో తండ్రులు శ్రద్ధగా కుట్టించి, గట్టి అట్టలు వేయించినవి. రాజులు, రాక్షసులు, మునులు, మాట్లాడే చిలుకలు. ఏ పిల్లవాడికీ అర్థం కాని పెద్ద పెద్ద మాటలు అందులో ఉంటాయి. అయినా ఏ పిల్లవాడూ వాటి దగ్గర ఆగిపోలేదు, దాటుకుంటూ చదివేశాడు. తండ్రి చదివి పక్కన పెడితే కొడుకు తీసుకునే పత్రికలవి.

అంతకు ముందయితే పెద్దల కథ, పిల్లల కథ అనే ఆ మాత్రం తేడా కూడా లేదు. మా నానమ్మ వేరుశనక్కాయలు ఒలుస్తూ ఆడవాళ్ళందరికీ కథ చెప్పేది. అక్కడే కూర్చున్నాం కాబట్టి మేమూ వినేవాళ్ళం. సవతి తల్లి విషం పెట్టడం, మొగుడు వదిలేసి పోవడం, ఏదీ మా కోసం దాచేది కాదు. పిల్లలకు వేరే కథలుండాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు పాపం.

పత్రికల పైన నీతికథల పుస్తకాలు. సన్నగా, అప్పడాల్లా ఉంటాయి. కథ చివర గడి గీసి అందులో “నీతి” అని అచ్చు వేస్తారు. పిల్లలు ఊరికే సంతోషపడిపోతున్నారని పెద్దవాళ్ళకు ఎప్పుడో అనుమానం వచ్చినట్టుంది. మా క్లాసు పిల్లలు గడుసువాళ్ళు, ముందు ఆ గడిలో ఉన్నది చదివేసి ఇక కథెందుకు అంటారు. వాటి పైన ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఉన్న గేయాల పుస్తకాలు. పిల్లలకు ఏ భాష రాకుండా పోతుందోనని భయపడే తల్లిదండ్రుల కోసం తయారైనవి. అన్నిటికంటే పైన ఈ మధ్య వచ్చిన బొమ్మల పుస్తకాలు. పేజీకి నాలుగు ముక్కలు, మంచి రంగులు, చెప్పు పోగొట్టుకున్న పిల్ల, వానకు భయపడే పిల్లవాడు. నీతి లేదు. ఇవి నిజంగా బాగుంటాయి, నాకిష్టం. ఆ తర్వాత వచ్చిన పెట్టెల్లో పుస్తకాలు తగ్గి, పాత ఛార్జర్లు ఎక్కువయ్యాయి.

అడుగున ఉన్న పత్రికలకు ఒక జబ్బుంది. చాలా కథలకు చివరి పేజీ ఉండదు. కారణం మా భయమే. సౌదీకి వచ్చేవాళ్ళు సామాను సర్దుకునేటప్పుడు దేవుడి బొమ్మ ఉన్న పేజీలన్నీ బ్లేడుతో కోసి తీసేవాళ్ళు. ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారని ఎవరో ఎవరికో చెప్పారు. నాకైతే అలా ఎవరినైనా పట్టుకున్నట్టు తెలియదు. ఒకసారి కస్టమ్స్ ఆయన నా సంచిలో పత్రిక తిరగేసి, పంచె కట్టుకున్న నక్క బొమ్మ చూసి నవ్వి తిరిగిచ్చేశాడు. అయినా మా అత్తగారు ఆ నక్కను కూడా కోసేయమనే అన్నారు. మా వీధి చివర ఉండే జగిత్యాల ఆమెను నువ్వెందుకు కోశావని ఒకసారి అడిగాను. వాళ్ళాయన బిల్డింగుల మెయింటెనెన్స్ పనిలో ఉన్నాడు. “ఎందుకొచ్చిన లొల్లి అక్కా, పేజీ పోతే పాయె, మనిషి పోవద్దు గదా” అంది.

ఆ పత్రికల్లో దేవుడు ఎప్పుడూ కథ చివరనే వస్తాడు. కష్టాలన్నీ అయిపోయాక ప్రత్యక్షమై, వరమిచ్చి, అందరి లెక్కా సరిచేసి మాయమవుతాడు. బొమ్మ కూడా అక్కడే వేస్తారు. కాబట్టి బ్లేడు ఎప్పుడూ ముగింపు మీదే పడింది. మలాజ్‌లో పెరిగిన తెలుగు పిల్లలందరూ సగం కథలే చదివారు. మిగతా సగం ఎవరి ఇంట్లో వాళ్ళమ్మ అల్లింది. శుక్రవారం క్లాసులో ఆ పని నాది. ఓపిక ఉన్న వారం రాక్షసుడితో మంచి యుద్ధం జరిగేది. స్కూల్లో స్టాకు సరిచూసి నడుము విరిగిన వారం రాజుగారు అందర్నీ ఒక్క మాటతో క్షమించేసి పడుకునేవారు.

మా అమ్మాయి ఈ కథల్లోనే పెరిగింది. పదో తరగతికి వచ్చాక శుక్రవారం క్లాసుకు రావడం మానేసింది. గది తలుపు వేసుకుని ఇంగ్లీషు నవలలు చదువుకునేది. నా లైబ్రరీలో ఆ వయసు వాళ్ళకు పెద్ద బీరువా ఉంది. అమ్మతో గొడవపడే పిల్లలు, స్నేహం చెడిపోయిన పిల్లలు, అద్దంలో తమ మొహం నచ్చని పిల్లలు ఉంటారందులో. ఎప్పుడు చూసినా సగం ఖాళీగా ఉండే బీరువా అదొక్కటే, ఆ సగం పుస్తకాలు పిల్లల చేతుల్లోనే ఉంటాయి.

ఒకరోజు భోజనాల దగ్గర అడిగింది.

“అమ్మీ, తెలుగులో నా అంత పిల్ల ఉండే కథ ఏదన్నా ఉందా?”

“ఎందుకు లేదు మే, అన్ని పెట్టెలుండాయి కదా, సూసి ఇస్తా” అన్నాను.

ఒక సెలవు రోజంతా వెతికాను. దుమ్ముకు తుమ్ములు తప్ప ఏమీ దక్కలేదు. మా పుస్తకాల్లో ఆడపిల్ల ఒక పేజీలో ఉయ్యాల ఊగుతుంది, పేజీ తిప్పితే పెళ్ళిపీటల మీద ఉంటుంది. ఆ రెంటికీ మధ్య వయసున్న మనిషే లేదు. సెలవుకు ఊరెళ్ళిన మా మరిదికి చెబితే పుస్తకాల షాపుకు వెళ్ళి అక్కడి నుంచే ఫోన్ చేశాడు. షాపాయన పోటీ పరీక్షలవి కావాలా, వ్యక్తిత్వ వికాసం కావాలా అని అడుగుతున్నాడట. చివరికి రెండోదే తెచ్చాడు. అట్ట మీద కోటు వేసుకున్న మనిషి ఆకాశంలోకి వేలు చూపిస్తున్నాడు. మా అమ్మాయి దాన్ని మర్యాదగా తీసుకుని టీ కప్పు కింద పెట్టుకుంది.

రాసేవాళ్ళను తిట్టాలనిపించింది. తర్వాత ఆలోచిస్తే తప్పు వాళ్ళొక్కరిదే అనిపించలేదు. ఆ వయసు పిల్లల్ని మనం ఏం చేస్తున్నామో అందరికీ తెలుసు. పదో తరగతి అవగానే ఇంటర్‌కు హాస్టల్లో పడేస్తాం. ఇక్కడి వాళ్ళయితే విమానం ఎక్కించి మరీ పడేస్తారు. చదువుకునే పుస్తకం తప్ప ఇంకో పుస్తకం పట్టుకుంటే నేరమైన వయసుకు ఎవరైనా ఏం రాస్తారు, రాస్తే ఎవరు కొంటారు? నా పెట్టెలన్నీ అక్కడే ఆగిపోవడానికి కారణం కూడా అదే. ఆ వయసుకు పిల్లలు ఇంట్లో ఉండరు.

మా అమ్మాయిది కూడా ఖాయమైపోయింది. “ఈడ ఇంటర్ చదివితే ఏమొస్తాది, కోచింగ్ యాడుంది?” అన్నాడు మా ఆయన. కడపలో మా అన్న హాస్టలు సీటు మాట్లాడాడు. దసరా సెలవులకు వచ్చి పోతుందని, మళ్ళీ సౌదీలోకి రానిచ్చే రీఎంట్రీ వీసా కొట్టించాం. అంతా సవ్యంగా జరుగుతోందని అందరం అనుకున్నాం.

వెళ్ళే ముందు శుక్రవారం నాకు గొంతు పోయింది. పిల్లలు అప్పటికే వచ్చి చాప మీద కూర్చున్నారు. “ఈ ఒక్కసారికి నువ్వు చెప్పు తల్లీ” అని సైగ చేసి వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టుకున్నాను. మా అమ్మాయి అడుగున ఉన్న పత్రికొకటి తీసింది. ఒక వర్తకుడి కూతురిని చదువుల కోసం సముద్రం అవతల మేనమామ ఇంటికి పంపే కథ. దానికీ చివరి పేజీ లేదు. ఏళ్ళ తరబడి నేను చెప్పే ముగింపులో ఓడ తిరిగొచ్చేది, తల్లి ఒడ్డున ఎదురుచూసేది, ఊరంతా బిరియానీ తినేవాళ్ళు.

మా అమ్మాయి చిరిగిన చోటు దాకా చదివి పుస్తకం మూసేసింది.

“ఓడ ఎక్కేముందు పోతావా అని ఆ పిల్లను ఎవురూ అడగలేదు. ఆడ బాగా చదివింది. అన్నిట్లో ఫస్టే. వాళ్ళమ్మ ఉత్తరం రాసినప్పుడల్లా ఏం తిన్నావని అడిగేది. ఈ పిల్ల తిన్నదంతా రాసేది. అంతే.”

“అంతేనా? మళ్ళ వాపసు రాలేదా?” అంది జగిత్యాల ఆమె చిన్న కూతురు.

“తెలీదు. చిరిగిపోయింది కదా.”

పిల్లలెవరూ కదల్లేదు. నా ముగింపులకు ఏనాడూ అంత నిశ్శబ్దం రాలేదు. తెలుగులో తన వయసు పిల్ల కథ కావాలని అడిగింది, దొరక్కపోతే తనే చెప్పేసింది. పిల్లలందరూ వెళ్ళాక దాని దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. పోవాలని ఉందా అని అడగాలనే వెళ్ళాను. సీటు ఖాయమైంది, టికెట్లు తీశాం, మా ఆయనతో మళ్ళీ మొదటి నుంచి వాదించాలి. ఒంట్లో అంత సత్తువ లేదు. “ఆకలేస్తాందా?” అని బొంగురు గొంతుతో అన్నాను.

“లేదు” అంది.

జూన్‌లో నేనే తీసుకెళ్ళి దింపాను. హాస్టల్లో చేరేముందు మా అన్న ఇంట్లో ఉన్నాం. నా చిన్నప్పటి పత్రికలు అక్కడ అటక మీద ఉన్నాయి. వాటిని ఏ విమానమూ ఎక్కించలేదు కాబట్టి ఏ బ్లేడూ తాకలేదు. తల్లీకూతుళ్ళం వెతికి అదే కథ పట్టుకున్నాం. చివరి పేజీలో దేవత ప్రత్యక్షమై వర్తకుడి కూతుర్ని ఆశీర్వదించింది, మంత్రి కొడుకు ఆమెను చేసుకున్నాడు. మూడు వరుసల్లో కథ ముగిసింది. చదువు ఏమైందో, అమ్మ ఏమైందో అచ్చు వేసినవాళ్ళకూ పట్టలేదు.

“ఇంత దానికా అమ్మీ, ఇన్నేళ్ళూ ఎదురుసూసింది?” అని మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత తనే ఆ పేజీని అంచు వెంబడి జాగ్రత్తగా చింపి అటక మీదికి విసిరేసి, మిగతా పత్రిక నా సంచిలో పెట్టింది.

రియాద్ వచ్చాక శుక్రవారాలు మామూలే. కానీ జగిత్యాల ఆమె చిన్న కూతురు ఊరుకోలేదు. “టీచర్, గా పిల్ల వాపసొచ్చిందా?” అని ప్రతి వారం అదే పాట. ఓడ, ఒడ్డు, బిరియానీ అన్నీ నోటిదాకా వచ్చాయి. చెప్పబుద్ధి కాలేదు. “అడిగి చెప్తాలే” అన్నాను.

హాస్టల్లో ఆదివారం మాత్రమే ఫోన్ ఇస్తారు. నాకేమో ఇక్కడ ఆదివారం పని రోజు. లైబ్రరీలో ఎవరూ లేని వేళ చూసి ఆ పెద్ద పిల్లల బీరువా పక్కన నిలబడి ఫోన్ చేశాను. ఏం తిన్నావన్న మాట నోట్లోంచి బయటపడబోతే ఆపుకున్నాను.

“మే, ఆ ఓడ పిల్ల వాపసొస్తాదా అని అడగతాండారు. ఏం చెప్పాల?”

ఫోన్లో దాని వెనక ఎవరో వరసలో నిలబడి త్వరగా కానీమంటున్నారు.

“ఎవురడగతాండేది? పిల్లలా, నువ్వా?”

“నేనే.”

“నాకీడ బాగలేదమ్మీ” అంది. ఏడవలేదు. చాలా రోజులుగా సిద్ధంగా పెట్టుకున్న మాటలా అంది. “వచ్చేస్తా.”

“వచ్చేయ్” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. రీఎంట్రీ గడువు ఇంకా ఉంది. ఇంటికెళ్ళి మా ఆయనతో పడాల్సిన గొడవ తలుచుకుంటే అప్పుడే నీరసం వచ్చింది. అయినా లైబ్రరీకి తాళం వేసి, మా స్కూల్లోనే పదకొండో తరగతిలో సీటుందేమో అడగడానికి కింద ఆఫీసుకు దిగాను.